796 సీసీ: పాత మారుతి 800 ఇంజిన్ అంకెలు ఏం చెబుతున్నాయి?

పాత మారుతి 800 కొనాలనుకునేవాళ్లూ, నాన్నగారి బండి అమ్మబుద్ధి కాక ఇంట్లోనే ఉంచుకున్నవాళ్లూ అడిగే ప్రశ్న ఒకటే: ఈ ఇంజిన్ ఇంకెన్నాళ్లు నడుస్తుంది? కిలోమీటర్ల మీటరు చూసి దీనికి జవాబు చెప్పలేం. ఇన్నేళ్ల బండిలో ఆ మీటరు మధ్యలో ఆగిపోయి ఉండొచ్చు, ఎవరో వెనక్కి తిప్పి ఉండొచ్చు. దానికంటే ఇంజిన్ కొలతలు నమ్మదగ్గవి. సీసీ ఎంత, హెచ్‌పీ ఎంత, టార్క్ ఎంత అని కంపెనీ కాగితం మీద వరసగా ఉండే ఆ అంకెలను విడమరిచి చూస్తే, ఈ ఇంజిన్ ఎందుకు ఇంతకాలం నిలుస్తుందో, దేనివల్ల పాడవుతుందో రెండూ తెలుస్తాయి.

ముందు దీని పుట్టుక రెండు మాటల్లో. మారుతి ఉద్యోగ్, జపాన్ కంపెనీ సుజుకి 1982లో ఒప్పందం చేసుకున్నాయి. 1983 డిసెంబర్ 14న మొదటి కారు తాళాలు అప్పటి ప్రధాని ఇందిరా గాంధీ చేతుల మీదుగా కొన్న మనిషికి అందాయి. 2014 జనవరిలో తయారీ ఆగేదాకా 28 లక్షలకు పైగా మారుతి 800లు ఫ్యాక్టరీ దాటాయి. సుజుకి ఈ ఇంజిన్‌కు పెట్టిన పేరు ఎఫ్8బీ. ఓమ్ని వ్యానులో ఉన్నదీ ఇదే. పాకిస్తాన్‌లో మెహ్రాన్ పేరుతో 2019 దాకా అమ్మిన కారులోనూ ఇదే. ఇన్ని బళ్లు ఉన్నాయి కాబట్టే పిస్టన్ సెట్టు, గాస్కెట్, వాటర్ పంపు లాంటి సామాను ఇప్పటికీ చిన్న పట్టణాల స్పేర్ పార్టుల షాపుల్లో దొరుకుతోంది. ఇంజిన్ ఎంత గట్టిదైనా సామాను దొరక్కపోతే బండి మూలన పడుతుంది. కాబట్టి మన్నిక లెక్కలో ఇదీ ఒక భాగమే.

ఇక అంకెలు. ఈ ఇంజిన్‌లో మూడు సిలిండర్లున్నాయి. సిలిండర్ అంటే పిస్టన్ పైకీ కిందికీ ఆడే గుండ్రటి గొట్టం. ఆ గొట్టం లోపలి వెడల్పు 68.5 మిల్లీమీటర్లు, దీన్ని బోర్ అంటారు. పిస్టన్ కింది నుంచి పైకి కదిలే దూరం 72 మిల్లీమీటర్లు, ఇది స్ట్రోక్. ఈ రెండు కొలతలతో ఒక సిలిండర్‌లో పట్టేది లెక్కగడితే 265 సీసీ వస్తుంది. మూడింటికి కలిపి 796. సీసీ అన్నా మిల్లీలీటరు అన్నా ఒకటే కాబట్టి, మూడు సిలిండర్లు కలిపి ఒక లీటరు నీళ్ల సీసాలో పట్టేంత కూడా పట్టవు. ఐదుగురిని కూర్చోబెట్టుకుని ఊళ్లు తిరిగిన ఇంజిన్ కొలత ఇంతే.

తర్వాతి అంకె కంప్రెషన్ రేషియో, 8.7. పిస్టన్ కింద ఉన్నప్పుడు దాని పైనున్న పెట్రోలు కలిసిన గాలిని, పిస్టన్ పైకొచ్చేసరికి ఎన్నో వంతుకు నొక్కుతుందో చెప్పే లెక్క ఇది. ఈ ఇంజిన్‌లో దాదాపు 300 సీసీ గాలి 34 సీసీ చోటులోకి కుంచించుకుపోతుంది. ఇప్పటి చిన్న పెట్రోలు ఇంజిన్లలో ఈ అంకె 11, 12 దాకా వెళ్తోంది. ఎక్కువ నొక్కితే అదే పెట్రోలు నుంచి ఎక్కువ పని వస్తుంది. కానీ పెట్రోలు నాసిరకమైతే ప్లగ్గు మంట పూర్తిగా పాకకముందే లోపలి గాలి తనంతట తానే భగ్గుమంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు టకటకమని వినిపించే ఆ నాకింగ్ చప్పుడు పిస్టన్‌కు చేటు. ఆ రోజుల్లో మన బంకుల్లో దొరికే 87 ఆక్టేన్ పెట్రోలుకు 8.7 సరిగ్గా నప్పింది. ఆక్టేన్ అంటే నాకింగ్‌ను తట్టుకునే గుణానికి కొలమానం. ఇప్పుడు బంకులో ఎక్కువ ధరకు అమ్మే హై ఆక్టేన్ పెట్రోలు పోస్తే ఈ బండికి పికప్ పెరుగుతుందా అని చాలామంది అడుగుతారు. పెరగదు. ఇంజిన్‌కు అవసరం లేని గుణానికి డబ్బు పెట్టినట్టే.

హెచ్‌పీ మాటకొస్తే, కార్బొరేటర్ రోజుల్లో 39 దాకా ఉండేది, 2000 ప్రాంతంలో పెట్రోలును కంప్యూటర్ లెక్కతో చల్లే ఎంపీఎఫ్‌ఐ వచ్చాక 37. పొలంలో బోరు మీద ఉండే 5 హెచ్‌పీ మోటార్లు ఏడు కలిస్తే ఎంతో ఇది అంత. అయితే ఈ 37 ఎప్పుడూ అందుబాటులో ఉండదు. ఇంజిన్ నిమిషానికి 5,000 చుట్లు తిరిగినప్పుడే అంత శక్తి వస్తుంది. ఊళ్లో నడిపేవాళ్లు ఆ చుట్ల దాకా వెళ్లరు. రోజూ అక్కరకొచ్చే అంకె టార్క్. తిప్పే బలాన్ని టార్క్ అంటారు. ఈ ఇంజిన్‌లో అది 59 న్యూటన్ మీటర్లు. ఒక మీటరు పొడవున్న రాడ్డును ఇంజిన్ కడ్డీకి అడ్డంగా బిగించి, రాడ్డు చివర 6 కిలోల బరువు వేలాడదీస్తే ఎంత బలంతో తిప్పుతుందో అంత. ఈ బలం 2,500 చుట్ల దగ్గరే పూర్తిగా అందడం ఈ ఇంజిన్ గొప్పతనం. నాలుగో గేరులో గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే ఇంజిన్ దాదాపు అన్నే చుట్లు తిరుగుతుంది. మన రోడ్ల మీద మామూలుగా నడిపే వేగమూ, ఇంజిన్ హాయిగా పనిచేసే వేగమూ ఒకచోట కలిశాయి.

37 హెచ్‌పీ ఏ మూలకు అనే అనుమానం సహజం. కారు బరువు దాదాపు 650 కిలోలు. ఇద్దరు కూర్చుంటే ఎనిమిది వందలకు దగ్గర పడుతుంది. ఇంత బరువును చదునైన రోడ్డు మీద 60 వేగంతో నడపాలంటే టైర్ల రాపిడికీ ఎదురుగాలికీ కలిపి 5 హెచ్‌పీ సరిపోతుంది. ఉన్నదాంట్లో అది ఏడో వంతు. 100 వేగానికి వెళ్తే ఈ లెక్క మారిపోతుంది. వేగం ఒకటిన్నర రెట్లు దాటితే గాలిని చీల్చడానికి కావలసిన శక్తి నాలుగున్నర రెట్లవుతుంది. అప్పుడు 16, 17 హెచ్‌పీ కావాలి, ఏసీ వేస్తే దానికి మరో మూడు నాలుగు. అంటే 60 దగ్గర ఊపిరి తీసుకుంటూ నడిచే ఇంజిన్, 100 దగ్గర తన శక్తిలో సగానికి పైగా ఆగకుండా ఖర్చుపెడుతుంది. ఈ బండిని హైవే మీద 70, 80 దాటించకుండా నడిపినవాళ్ల ఇంజిన్లు ఎక్కువ కాలం నిలవడానికి కారణం ఇదే.

ఇప్పటి ఇంజిన్లతో పోలిస్తే ఇంకాస్త స్పష్టంగా తెలుస్తుంది. మారుతిలోనే ఈ మధ్య వచ్చిన ఒక లీటరు టర్బో ఇంజిన్ 100 హెచ్‌పీ, 148 న్యూటన్ మీటర్లు ఇస్తుంది. పాతది లీటరుకు లెక్కేస్తే 46 హెచ్‌పీ, 74 న్యూటన్ మీటర్లే. కొత్తవాటిలో లోహమూ ఆయిలూ మెరుగయ్యాయి, అవి నిలవవని అనను. కానీ పాత ఇంజిన్‌లో పిస్టన్ మీద, బేరింగుల మీద పడే భారం సగమే. అందుకే చిన్న చిన్న అశ్రద్ధలను అది భరించింది.

మన్నిక అనే మాటను కూడా అంకెల్లోకి దించి చూద్దాం. 60 వేగంలో కిలోమీటరుకు ఒక నిమిషం పడుతుంది, ఆ నిమిషంలో ఇంజిన్ సుమారు 2,450 చుట్లు తిరుగుతుంది. లక్ష కిలోమీటర్లకు 24 కోట్ల పైచిలుకు. ప్రతి చుట్టులో పిస్టన్ ఒకసారి పైకి, ఒకసారి కిందికి, మొత్తం 144 మిల్లీమీటర్లు రాసుకుంటూ వెళ్తుంది. కలిపితే లక్ష కిలోమీటర్ల ప్రయాణంలో పిస్టన్ తన గొట్టం లోపలే 35,000 కిలోమీటర్లు తిరిగినట్టు. భూమి చుట్టుకొలత 40,000. ఊళ్లో చిన్న గేర్లలో నడిపిన బండికైతే ఈ లెక్క ఇంకా పెరుగుతుంది. ఇంత దూరం ఇనుము మీద ఇనుము రాసుకోకుండా కాపాడేది మధ్యలో ఉన్న సన్నటి ఆయిల్ పొర ఒక్కటే. ఈ ఇంజిన్ పట్టే ఆయిల్ మొత్తం మూడు లీటర్ల లోపే. అందులో అర లీటరు తగ్గినా ఆరో వంతు పోయినట్టు. పెద్ద ఇంజిన్‌లో పట్టించుకోని తరుగుదల ఇందులో పట్టించుకోవాలి. వయసైన బండికి 5,000 కిలోమీటర్లకో, ఆరు నెలలకో, ఏది ముందైతే అప్పుడు ఆయిలూ ఫిల్టరూ మార్చమని చెబుతాను. మధ్యలో పదిహేను రోజులకోసారి డిప్‌స్టిక్ తీసి చూడాలి. బండి చదునుగా ఉండాలి, ఇంజిన్ ఆపి కాసేపై ఉండాలి. రెండు నిమిషాల పని.

ఇంజిన్ ఆన్‌లో ఉంచి ఆపినప్పుడు బండి ఎందుకు వణుకుతుందనేది మరో అనుమానం. సిలిండర్లు మూడే కాబట్టి. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో రెండు చుట్లకు నాలుగుసార్లు మంట వెలుగుతుంది, ఇందులో మూడుసార్లే. ఐడ్లింగులో 900 చుట్ల దగ్గర లెక్కేస్తే నాలుగు సిలిండర్లకు సెకనుకు 30 నెట్లు, దీనికి 22. నెట్టుకూ నెట్టుకూ మధ్య ఖాళీ ఎక్కువ, పైగా రెండు చివర్ల సిలిండర్లు ఇంజిన్‌ను అటూ ఇటూ ఊపుతుంటాయి. గేర్ లివర్ కొద్దిగా ఆడటం జబ్బు కాదు. అద్దాలు, డ్యాష్‌బోర్డు గడగడలాడితే మాత్రం ఇంజిన్ మౌంటింగుల రబ్బరు గట్టిపడి ఉంటుంది, లేదా ఒక ప్లగ్గు మిస్సవుతూ ఉంటుంది. మూడింట్లో ఒకటి మిస్సయితే పోయేది మూడో వంతు శక్తి. 37లో 12 పోతే ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడే తెలిసిపోతుంది.

ఇప్పుడు అసలు విషయం. ఈ ఇంజిన్‌ను చంపేది కిలోమీటర్లు కాదు, వేడి.

లీటరు పెట్రోలు కాలితే వచ్చే వేడిని కరెంటు యూనిట్లలో చెబితే దాదాపు 9 యూనిట్లు. ఇందులో చక్రాల దాకా పనిగా చేరేది పావు వంతు కూడా ఉండదు. మిగతాది వేడిగానే బయటికి పోవాలి, కొంత సైలెన్సర్ గుండా, కొంత రేడియేటర్ గుండా. లీటరుకు 18 కిలోమీటర్లు ఇచ్చే బండి 60 వేగంతో గంటసేపు నడిస్తే 3.3 లీటర్లు కాలుతుంది. అంటే 30 యూనిట్ల వేడి. అందులో మూడో వంతు నీళ్లలోకి వెళ్తుందనుకుంటే 10 యూనిట్లు. బాత్రూంలో ఉండే 2,000 వాట్ల గీజర్లు ఐదు గంటసేపు ఆగకుండా కాచినంత వేడిని, బానెట్ కింద ఉన్న ఆ చిన్న రేడియేటర్ గాలిలోకి తోసేయాలి. పంపు, ఫ్యాను, గొట్టాలు, మూత, నీళ్లు అన్నీ సరిగా ఉంటే తోసేస్తుంది. ఏదో ఒకటి తప్పినా వేడి లోపలే ఉండిపోతుంది.

లోపల ఉండిపోతే ఏమవుతుందో దగ్గర నుంచి చూద్దాం. ఈ ఇంజిన్ కింది భాగం, అంటే సిలిండర్లున్న బ్లాకు, పోత ఇనుముతో చేసింది. పైన మూతలా కూర్చునే హెడ్డు అల్యూమినియంతో చేసింది. ఒకే వేడికి అల్యూమినియం ఇనుము కంటే రెట్టింపు సాగుతుంది. హెడ్డు పొడవు 30 సెంటీమీటర్లు అనుకుందాం. పొద్దున 30 డిగ్రీల దగ్గరున్న ఇంజిన్ 90 డిగ్రీలకు చేరేసరికి హెడ్డు 0.4 మిల్లీమీటర్లు సాగితే, దాని కిందున్న బ్లాకు 0.2 సాగుతుంది. రెండు తెల్ల కాగితాల మందమంత తేడా. ఆ రెండింటి మధ్య నలిగే హెడ్ గాస్కెట్ ఇంత జరుగుడును రోజూ ఓర్చుకుంటుంది, దాన్ని అలాగే తయారుచేశారు. కానీ రేడియేటర్ ఖాళీ అయి హెడ్డు 130 డిగ్రీలకు పోతే ఆ తేడా రెట్టింపుకు దగ్గర పడుతుంది. పైగా హెడ్డు అంతటా ఒకేలా వేడెక్కదు, ఒక మూల ఎక్కువ, ఒక మూల తక్కువ. బోల్టులు కదలనివ్వవు కాబట్టి అది వంకర తిరుగుతుంది. చల్లారాక కూడా ఆ వంకర పోదు. గాస్కెట్ ఒకచోట వదులై, నీళ్లు ఆయిల్‌లోకో, మంట నీళ్లలోకో దారి చేసుకుంటాయి.

అందుకే చల్లారిన ఇంజిన్ మీద, పొద్దున్నే, రెండు మూతలు తీసి చూడటం అలవాటు చేసుకోవాలి. ఒకటి ఆయిల్ పోసే మూత. దాని లోపలి వైపు మజ్జిగ నురగలా తెల్లగా పేరుకుని ఉంటే ఆయిల్‌లో నీళ్లు కలుస్తున్నాయన్నమాట. చలికాలంలో బండిని అరకిలోమీటరు చొప్పున నడిపేవాళ్లకు గాలిలోని తేమ వల్ల కూడా కొంచెం నురగ కనిపించవచ్చు. అలాంటప్పుడు డిప్‌స్టిక్ కూడా చూడాలి, దానికీ తెలుపు అంటితే ఇక అనుమానం అక్కర్లేదు. రెండోది రేడియేటర్ మూత. వేడి మీద దీన్ని ఎప్పుడూ తీయొద్దు, నీళ్లు ముఖం మీదికి చిమ్ముతాయి. చల్లగా ఉన్నప్పుడు తీసి, నీళ్లు అంచు దాకా ఉన్నాయా, పైన నూనె తెట్టు తేలుతోందా చూడాలి. తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేయించినప్పుడు నీళ్లలో బుడగలు ఆగకుండా వస్తుంటే మంట అటు దారి తీసింది.

ఆ రేడియేటర్ మూత గురించి ఇంకో మాట. మూత ఖరీదు తక్కువని ఎవరూ పట్టించుకోరు. చాలా మూతల మీద 0.9 అని అచ్చువేసి ఉంటుంది. లోపలి నీళ్ల మీద అంత ఒత్తిడి నిలిపి ఉంచుతుందని అర్థం. కుక్కర్‌లో లాగే, ఒత్తిడి ఉంటే నీళ్లు 100 దగ్గర కాగిపోవు, 120 దాకా ఆగుతాయి. మూత రబ్బరు చిట్లితే ఆ 20 డిగ్రీల వెసులుబాటు పోతుంది.

మన ప్రాంతంలో ఈ ఇంజిన్‌కు జరిగే రెండు అన్యాయాలున్నాయి. ఒకటి, రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయడం. నల్గొండ, ప్రకాశం వైపు నీళ్లలో ఉండే ఉప్పు, సున్నం బిందెల అడుగున ఎలా పేరుకుంటాయో ఇంట్లో అందరికీ తెలుసు. అదే పొర రేడియేటర్ సన్నటి గొట్టాల్లో పేరుకుంటే వేడి బయటికి రాదు. కూలెంటును బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి పోయాలి, రెండేళ్లకోసారి మార్చాలి. రెండోది, హీటెక్కుతోందని థర్మోస్టాట్ తీసి పారేయడం. ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనీయకుండా ఆపే చిన్న వాల్వు అది. తీసేస్తే ఇంజిన్ కావలసిన వేడికి ఆలస్యంగా వస్తుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, కాలని పెట్రోలు ఆయిల్‌లోకి దిగి దాన్ని పలచన చేస్తుంది. బోర్ అరగడం అక్కడ మొదలవుతుంది. జబ్బు థర్మోస్టాట్‌దే అయితే కొత్తది వేయించండి. జబ్బు రేడియేటర్‌దైతే థర్మోస్టాట్ తీసినంత మాత్రాన అది నయం కాదు.

ఘాట్ రోడ్డు ఎక్కిస్తే పాడవుతుందా అనే భయమూ చాలామందికి ఉంటుంది. ఐదుగురితో 950 కిలోల బండిని తిరుపతి నుంచి తిరుమలకు ఎక్కించడానికి, ఎత్తు 700 మీటర్లు అనుకుంటే, కావలసిన పని రెండు యూనిట్ల లోపే. దానికి అదనంగా ఒక లీటరు పెట్రోలు కాలుతుంది. అరగంట పైన తీసుకుని ఎక్కితే సగటున 6 హెచ్‌పీ చాలు. శక్తికి లోటు లేదు. చిక్కంతా నిదానంగా వెళ్లేటప్పుడు రేడియేటర్‌కు ఎదురుగాలి తగలకపోవడంలో ఉంది. అప్పుడు భారమంతా రేడియేటర్ వెనకున్న కరెంటు ఫ్యాను మీదే. కొండ కిందే బండి ఆపి, ఇంజిన్ ఆన్‌లో ఉంచి, ఫ్యాను తనంతట తాను తిరిగి ఆగుతోందో లేదో చూసుకుని ఎక్కండి. ఏసీ ఆపేయండి. టెంపరేచర్ ముల్లు సగం దాటి పైకి పాకుతుంటే పక్కకు ఆపడమే మార్గం, ఇంకో మలుపే కదా అనుకోవద్దు.

వేడి తర్వాత చెప్పుకోవలసింది టైమింగ్ బెల్టు. వాల్వులు ఎప్పుడు తెరవాలో పిస్టన్‌తో జోడీ కుదిర్చే పళ్ల రబ్బరు బెల్టు ఇది. రబ్బరు తిరిగినా అరుగుతుంది, తిరక్కపోయినా వయసుకు బీటలిస్తుంది. తెగితే బండి ఎక్కడుంటే అక్కడే ఆగిపోతుంది. కొన్న బండికి బెల్టు ఎప్పుడు మార్చారో కాగితం లేకపోతే, మార్చలేదనే లెక్కలో వెంటనే మార్పించండి. ఆ పనిలోనే టెన్షనర్ బేరింగూ చూపించండి.

కార్బొరేటర్ బండి మంచిదా, ఎంపీఎఫ్‌ఐ మంచిదా? కార్బొరేటర్ అంటే గాలి లాగే ఊపుకు పెట్రోలును సన్నటి రంధ్రాల గుండా పీల్చి కలిపే పరికరం, దానికి కరెంటు బుర్ర అక్కర్లేదు. ఎంపీఎఫ్‌ఐలో ఒక చిన్న కంప్యూటర్ గాలినీ వేడినీ కొలిచి ప్రతి సిలిండర్‌కు ఎంత పెట్రోలు చల్లాలో లెక్కగడుతుంది. మొదటిది చెడితే కొంచెం కొంచెంగా చెడుతుంది, స్క్రూడ్రైవర్ ఉన్న మంచి మెకానిక్ దారికి తెస్తాడు. రెండోది ఏళ్ల తరబడి ముట్టుకోనక్కర్లేదు, చెడితే సెన్సర్ దొరికేదాకా ఆగాలి. పొద్దున చోక్ లాగే అవసరం లేకుండా సెల్ఫ్ కొట్టగానే స్టార్టవాలి, రోజూ ఆఫీసుకు వెళ్లాలి అంటే నా ఓటు ఎంపీఎఫ్‌ఐకే. కార్బొరేటర్ ట్యూనింగు తెలిసిన చేతులు షెడ్డుల్లో ఏటికేడు తగ్గుతున్నాయి. మీ ఊళ్లో అలాంటి పెద్దాయన ఒకరుంటే మాత్రం కార్బొరేటర్ బండిని వదులుకోవద్దు.

ఈ20 పెట్రోలు సంగతి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఇది పాత ఇంజిన్ యజమానులందరి బెంగ. ఈ20 అంటే నూటికి 20 పాళ్లు ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్‌లో వేడి తక్కువ, పెట్రోలులో ఉన్నదాంట్లో మూడింట రెండు వంతులే. కలిపి లెక్కేస్తే లీటరులో దాదాపు 7 శాతం తగ్గుతుంది. 18 ఇచ్చే బండి పదహారున్నరకూ పదిహేడుకూ మధ్య ఇస్తుంది. 28 లీటర్ల ట్యాంకు నిండుగా పోస్తే 504 కిలోమీటర్లు వెళ్లేది 470 దగ్గర ఆగుతుంది. ఈ నష్టం తప్పదు, మెకానిక్ ఏదో చేసి తెప్పిస్తానంటే నమ్మొద్దు. అంతకంటే ముఖ్యమైనవి రెండు. ఇథనాల్ పాతకాలపు రబ్బరును ఉబ్బించి, తర్వాత బిరుసెక్కిస్తుంది. కార్బొరేటర్ బళ్లలో పెట్రోలు పంపు లోపలి డయాఫ్రమ్, గొట్టాలు, గాస్కెట్లు అన్నీ ఆ కాలపు రబ్బరే. గొట్టాలను ఇథనాల్‌కు తట్టుకునేవాటితో ఒకసారి మార్పించండి, బానెట్ ఎత్తినప్పుడల్లా పెట్రోలు వాసన వస్తోందా గమనించండి. కారిన పెట్రోలు వేడి సైలెన్సర్ పైపు మీద పడితే అది మన్నిక సమస్య కాదు, ప్రాణాల సమస్య. రెండోది, ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి కదలని బండి ట్యాంకు అడుగున నీళ్లు చేరతాయి, తుప్పు పడుతుంది. వాడని బండిని వారానికోసారి పది పదిహేను కిలోమీటర్లు తిప్పండి. ఊరికే స్టార్ట్ చేసి రెండు నిమిషాల్లో ఆపేయడం మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది.

కొనబోయే బండి ఇంజిన్ బోర్‌కొచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది? పొద్దున మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు మీరు వెనక నిలబడాలి. అమ్మేవాళ్లు ముందే వేడి చేసి పెట్టకుండా, వస్తున్నామని కబురు చేసేటప్పుడే బండి కదపొద్దని చెప్పండి. మొదటి నిమిషం నీలిపొగ వచ్చి ఆగిపోతే వాల్వు సీళ్లు గట్టిపడ్డాయి, అది చిన్న ఖర్చు. యాక్సిలరేటర్ తొక్కిన ప్రతిసారీ నీలిపొగ వస్తుంటే రింగులో, బోరో అరిగింది. నల్లపొగ అయితే పెట్రోలు ఎక్కువ పోతోంది, ఇంజిన్ లోపలి అరుగుదలకు దానితో సంబంధం లేదు. తర్వాత మూడు ప్లగ్గులూ విప్పించి వరసలో పెట్టించండి. మొన వేయించిన వేరుశనగ పొట్టు రంగులో ఉంటే లోపల అంతా సవ్యం. పొడి మసి అంటే పెట్రోలు ఎక్కువ, తడిగా మెరిసే నలుపు అంటే ఆయిల్. మూడింట్లో ఒకటే తేడాగా ఉంటే జబ్బు ఆ సిలిండర్‌దే. ప్లగ్గులు విప్పి ఉన్నప్పుడే కంప్రెషన్ గేజి పెట్టించండి. మూడు అంకెల మధ్య తేడా పదో వంతు లోపుంటే ధైర్యంగా బేరమాడొచ్చు.

కొంచెం ఆయిల్ తాగుతున్నంత మాత్రాన ఇంజిన్ విప్పేయక్కర్లేదు. వెయ్యి కిలోమీటర్లకు అర లీటరు తాగుతోందనుకుందాం. లీటరు నాలుగొందలైతే రెండొందల రూపాయలు, కిలోమీటరుకు 20 పైసలు. పెట్రోలు లీటరు 108 అనుకుంటే కిలోమీటరుకు అయ్యే ఆరు రూపాయల పక్కన ఇది చిన్న మొత్తమే. నెలకు ఐదొందల కిలోమీటర్లు తిరిగే బండికి ఏడాదికి 1,200 రూపాయలు. షెడ్డులో చెప్పిన బోరింగు అంచనాను ఈ 1,200తో భాగించి చూడండి, ఎన్నేళ్లకు గిట్టుబాటవుతుందో తేలిపోతుంది. తాగేది వెయ్యికి లీటరు దాటినా, పొగ వెనకున్నవాళ్ల కళ్లల్లోకి పోతున్నా, పొల్యూషన్ పరీక్షలో బండి తప్పుతున్నా ఇక లెక్కలు పక్కన పెట్టి చేయించాల్సిందే.

చేయించేటప్పుడు ఈ ఇంజిన్ పోత ఇనుప బ్లాకు మళ్లీ అక్కరకొస్తుంది. అరిగిన సిలిండర్‌ను కొద్దిగా కోసి, 0.25 లేదా 0.50 మిల్లీమీటర్లు పెద్ద పిస్టన్లు వేస్తారు. 0.50 వేస్తే బోర్ 69 మిల్లీమీటర్లవుతుంది, ఇంజిన్ 796 నుంచి 808 సీసీకి పెరుగుతుంది. నడకలో ఆ తేడా తెలియదు. మొదటిసారి 0.25తో సరిపోతుందేమో కొలిపించాకే ఒప్పుకోండి, ఇంకోసారికి లోహం మిగులుతుంది. హెడ్డును చదును చేయించకుండా పాత వంకర మీదే కొత్త గాస్కెట్ బిగించనివ్వొద్దు. బోరింగు చేస్తే బ్లాకు అదే కాబట్టి ఇంజిన్ నంబరు మారదు. అలా కాకుండా వేరే బండిది సెకండ్ హ్యాండ్ ఇంజిన్ తెచ్చి వేస్తే నంబరు మారుతుంది, దాన్ని ఆర్టీఏ ఆఫీసులో ఆర్‌సీ మీద ఎక్కించుకోవాలి. పదిహేనేళ్లు దాటిన బండికి ఆర్‌సీని ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. ఆ తనిఖీలో ఇంజిన్ నంబరు చూస్తారు, అప్పుడు కాగితం మీదున్నదీ బ్లాకు మీదున్నదీ ఒకటే అయి ఉండాలి. పాత బండి కొనేటప్పుడు కూడా బానెట్ ఎత్తి, బ్లాకు మీద మడ్డి తుడిచి, ఆ నంబరును ఆర్‌సీతో పక్కపక్కన పెట్టి చదువుకోండి.